తాబేలు ఉపవాసం

ఆశ్రమంలోని తాబేలు ఏకాదశినాడు తిండి మానివేసింది. ద్వాదశి పారణకు పెట్టిన పెరుగన్నాన్ని కూడా ముట్టలేదు. పన్నెండు రోజులు గడిచాయి. దానికి దీక్ష పట్టిందని ఆశ్రమ శిష్యుడు గరుడాచలం నిశ్చయించుకొన్నాడు.

కళింగపట్నం తీరాన ఉన్న ఆ ఆశ్రమంలో తాబేలును పెంచినవాడు అతని సహాధ్యాయి వేంకటాచార్యులు. నిరుడు కాలం చేశాడు. మిత్రుడు విడిచి వెళ్లిన ప్రాణమని, గరుడాచలం దానికి అన్నం మెత్తగా పిసికి, అరటిపండు నలిపి పెట్టేవాడు. గట్టిది ఏదీ దాని నోటికి తగలనీయలేదు.

దీక్ష సంగతి విని ఊరివారు వచ్చి మొక్కసాగారు. గరుడాచలం ప్రతివారికీ తిథులతో సహా వివరించేవాడు.

పదమూడవ రోజున గురువు పరాంకుశస్వామి యాత్ర నుండి తిరిగి వచ్చారు. శిష్యుడు అంతా విన్నవించి, ఈ నిష్ఠ ముందు తన ఉపవాసాలు ఏపాటివని అన్నాడు.

"నోరు తెరిచి చూశావా?" అన్నారు స్వామి.

"లేదు స్వామీ. రోజూ మొక్కుతున్నాను."

"కళ్లు మూసుకొనే కదూ."

స్వామి తాబేలును ఒడిలోకి తీసుకొని, దవడను బొటనవేలితో మెల్లగా వంచారు. పక్షికి వలెనే దానికీ ముక్కు ఉంటుంది. పైముక్కు కొక్కెంలా పెరిగి కింది దవడను దాటి దిగింది. నోరు సగమైనా తెరుచుకోవడం లేదు.

"ఆచార్యులు కాడలతో సహా ఆకులు వేసేవాడు. మోటుగా పెడుతున్నాడని నువ్వే ఆక్షేపించావు. గట్టివి కొరికితేనే ఈ ముక్కు అరుగుతుంది."



సన్యాసానికి ముందు స్వామి కొమ్ము దువ్వెనలు చేసేవారు. సన్నని ఆకురాయి తెచ్చి, ప్రాణమున్న చోటు తగలకుండా, కొనను మాత్రమే కొద్దికొద్దిగా అరగదీశారు. రెండుసార్లు ఆగి దానికి విశ్రాంతి ఇచ్చారు. తరువాత గోరువెచ్చని నీటిలో దించారు. తాబేలు చాలాసేపు నీరు తాగింది.

అంతలో పల్లెకారుల ఎర్రమ్మ మందారాల దండతో వచ్చింది.

"ఏటి బాబూ, ఉపాసమింకా నడస్తందా?"

గరుడాచలం గురువు వైపు చూశాడు. ఆయన ఆకురాయి తుడుచుకొంటున్నారు.

"ఉపవాసం కాదమ్మా. ముక్కు పెరిగి నోరు పట్టివేసింది. నేను చూసుకోలేదు."

ఎర్రమ్మ కాసేపు తాబేలును చూసి నవ్వింది. "అయితే ఇన్నాళ్లూ మేం మొక్కతంటే, అది కూడెట్టమని సూసిందన్నమాట."

"ఆ పూలు ఇటివ్వమ్మా," అన్నారు స్వామి. "దారం లేకుండా పెట్టాలి, నాయనా."

గరుడాచలం దండలోని దారాన్ని పూర్తిగా లాగివేసి, ఒక్కొక్క పువ్వునూ తిప్పి చూసి నేల మీద ఉంచాడు. తాబేలు మెడ చాచింది. అది తింటున్నంతసేపూ అతడు దాని నోటినే చూస్తూ కూర్చున్నాడు. చేతులు జోడించలేదు.