బస్సెక్కిన కోట డిష్షు

గుమ్మటాపురం రాజా వీరకంపన భూపతికి ఓ ఉదయం ప్రజల్ని చూడాలని బుద్ధి పుట్టింది. పుట్టిందే తడవు బస్సు తయారైంది. అది అలాంటిలాంటి బస్సు కాదు. ముందు చక్రాలు పొలిమేర దాటుతుంటే వెనక చక్రాలు ఇంకా కోట గుమ్మంలోనే ఉన్నాయి. లోపల పడకగది, వంటగది, కిటికీలకి పట్టు తెరలు, గోడంత టీవీ.

"కోట మీది డిష్షు పీకి బస్సు మీద బిగించండి," అన్నాడు రాజు. "మధ్యాహ్నం పన్నెండింటికి 'ప్రజల చెంత ప్రభువు' చూడాలి."

అది సంస్థానం చానల్లో రోజూ వచ్చే కార్యక్రమం. రాజుగారు ప్రజల్ని ఆప్యాయంగా చూడటం ఆర్నెల్ల కిందటే కోట తోటలో కెమెరాతో తీసి పెట్టారు.

డిష్షు పని ఆస్థాన దిక్పండితుడు శంభులింగశాస్త్రి నెత్తికెత్తుకున్నాడు. ఆయన బిరుదులు చదవడం మొదలెడితే, ముగిసేసరికి చదివేవాడికి గడ్డం పెరిగేది.

"కోటలో డిష్షు సింహద్వారం వైపు చూసేది. కనక బస్సు మీద బస్సు ద్వారం వైపు చూడాలి," అని నట్లు బిగించేశాడు.

మూడు రోజులు, మూడు ఊళ్ళు. టీవీలో 'సిగ్నల్ లేదు' అన్న ముక్క తప్ప చీమంత బొమ్మ రాలేదు.

నాలుగో రోజు చింతలదొడ్డిలో బస్సాగింది. బొమ్మ మాత్రం రాలేదు. శాస్త్రి వేలు డ్రైవరు పెంచలయ్య మీదికి లేచింది.

"వీడికి బండి ఆపడం చేతకాదు ప్రభూ. ఆపిన చోటల్లా ద్వారం తప్పు దిక్కు చూస్తోంది."

"పన్నెండు కొట్టేలోగా బొమ్మ రావాలి," అన్నాడు రాజు. "రాకపోతే తాళాలిచ్చేసి ఇంటికి నడువు పెంచలయ్యా."

ఇరవై ఏళ్ళ కొలువు. ఇల్లు చూస్తే అరవై కోసుల దూరం. పెంచలయ్య కిందికి దిగి, తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఊరివైపు ఓ చూపు చూశాడు. అంతే, పెదవి కొస నవ్వింది.

"శాస్త్రులుగారూ, ఆ స్పానరు ఇలా ఇస్తారా?"

"నీకు దిక్శాస్త్రం తెలుసురా?"

"తెలీదండి. మెడ తిప్పి చూడటం తెలుసు."

ఒక్క ఊపున బస్సు పైకెక్కాడు. నట్టు వదులు చేసి, డిష్షు మూతి పక్కకి తిప్పి, దాని గడ్డం కాస్త పైకెత్తాడు. సరిగ్గా పన్నెండు కొడుతుండగా లోపల్నించి రాజుగారి కేక.

"వచ్చింది. నేనే వచ్చాను. ఏం మంత్రం వేశావురా?"

"తెర తీసి చూడండి ప్రభూ. నా గురువులు కనిపిస్తారు."

యాత్ర మొదలయ్యాక తెర తీయడం అదే మొదలు. బయట నలభై పాకలు. ప్రతి పాక మీదా ఓ డిష్షు, నలభై మూతులూ ఒకే వైపు. కోట డిష్షు కూడా ఇప్పుడు అటే.

శాస్త్రి చెవులు మూసుకున్నాడు. "అపచారం. పాకల డిష్షులు చూసే వైపు రాజుగారి డిష్షు చూడటమా?"

పెంచలయ్య వినయంగా మళ్ళీ స్పానరెత్తాడు.

"నిజమే, తిప్పేస్తాను ప్రభూ. అప్పుడు మిమ్మల్ని ఊరంతా చూస్తుంది, మీరొక్కరే చూసుకోలేరు."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వుకి బస్సు నాలుగు బారలు వెనక్కి జరిగిందంటారు. టీవీల్లో రాజుని చూస్తున్న పాకల జనం బయటికొచ్చి, కిటికీలో అసలు రాజుని చూసి వాళ్ళూ నవ్వారు.

పెంచలయ్య మెడలో ముత్యాలహారం పడింది. శాస్త్రి బిరుదులన్నీ వాడికే దక్కాయి. స్పానరు మాత్రం శాస్త్రిదే. ఆనాటి నుంచి ప్రతి ఊళ్ళోనూ ముందుగా బస్సు పైకెక్కి, పాకలవైపు మెడ తిప్పేవాడు ఆయనే.