సమితి పలక మీద సింగారమ్మ గిట్ట

వాగుకి ఇటుపక్క తోడేళ్ళ రాజ్యం, అటుపక్క అడవిలో తిరిగే రేసుకుక్కలది. రెండుచోట్లా నలిగేది మాత్రం గడ్డి తిని బతికే జీవాలే. ఇటు ఒడ్డున సింగారమ్మ అనే ముసలి గాడిద ఒంటరిగా ఉండేది. నా అన్నవాళ్ళంటే అవతలి ఒడ్డున చెల్లెలు నరసమ్మ ఒక్కతే. కాళ్ళు సహకరించక సింగారమ్మ వాగు దాటడం మానేసింది కానీ, రోజూ పొద్దు వాలగానే ఇటునుంచి అక్క ఓండ్రపెడితే అటునుంచి చెల్లెలు బదులిచ్చేది. సింగారమ్మకి ఉన్న మాటామంతీ అంతే పాపం.

ఆ ఏడు కరువొచ్చింది. నక్క పానకాలు వనసేవా సమితి అని ఒకటి పెట్టి అంబలి పోయడం మొదలుపెట్టాడు. జొన్నలు తోడేళ్ళు ఇచ్చినవి. మాంసం తినేవాళ్ళకి జొన్నల మీద ఈ ప్రేమేమిటని అడిగిన పాపాన ఎవరూ పోలేదు. కడుపు కాలుతుంటే ఎవరు మాత్రం అడుగుతారు!

అక్కడొక పద్ధతి ఉంది. అంబలి తాగేముందు తడిమట్టి పలక మీద గిట్ట నొక్కాలి.

"ఇదెందుకు నాయనా?" అంది సింగారమ్మ.

"ఒకరే రెండుసార్లు తాగకుండా, పిన్నీ. ఇంకేం లేదు."

"తోడేళ్ళు యుద్ధానికి దిగుతున్నాయట. మరి మీ సమితి ఏమంటుంది?"

"రాజకీయాలు మనకెందుకు పిన్నీ? మాకు ఏ పక్షమూ లేదు. నొక్కు, అంబలి చల్లారిపోతోంది."

నొక్కింది. ఆమె ముందుకాలి గిట్ట నిలువునా చీలి ఉంటుంది. రెండు ఒడ్డుల మీదా దాన్ని ఎరగనివాళ్ళు లేరు.

వారం తిరక్కుండా పానకాలు ఆ పలకల్ని కాల్పించి, వాగు ఒడ్డున వరసగా నిలబెట్టించాడు. అవతలికి వినబడేలా చిలక చేత చాటించాడు.

"అవతలి ఒడ్డు మీద యుద్ధానికి మా సమితి పూర్తి మద్దతు! ఇవిగో, మాతో ఉన్నవాళ్ళ ముద్రలు!"

ఆ సాయంత్రం సింగారమ్మ పిలిచింది. బదులు రాలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ అంతే. గుండె చెరువై సమితికి వెళ్ళింది.

"నా ముద్ర తీసెయ్ నాయనా. నేను అంబలికి నొక్కాను, యుద్ధానికి కాదు."

"కాల్చిన మట్టి పిన్నీ, ఎలా పోతుంది?"

"ఏ పక్షమూ లేదన్నావుగా?"

"అప్పుడు లేదు. జొన్నలిచ్చేవాళ్ళకి ఇప్పుడు అవసరమొచ్చింది."

వెనక వరసలోంచి మేక విసుక్కుంది. "కాస్త జరుగమ్మా. నీ గోల నీది, మా ఆకలి మాది."

సింగారమ్మ ఒడ్డుకెళ్ళి తన పలకని తన్ని ముక్కలు చేసింది. పక్కకొచ్చి నిలబడ్డవాళ్ళు లేరు. ఆ కాళ్ళతోనే వాగులో దిగింది. కరువుకి నీళ్ళు తగ్గినా, దాటేసరికి పూటంతా పట్టింది.

చెల్లెలి పాక ఖాళీగా ఉంది. పక్కింటి కుందేలు మూట కట్టుకుంటోంది.

"మా నరసమ్మ ఏదమ్మా?"

"కొండల్లోకి వెళ్ళిపోయింది. తోడేళ్ళు వస్తున్నాయని అందరం పోతున్నాం."

"నేనొస్తే చెప్పమని ఏమైనా చెప్పిందా?"

కుందేలు తల దించుకుంది. "లేదు అవ్వా. ఆ పలక మీద నీ గిట్ట చూశాక, నువ్వొస్తావని తను అనుకోలేదు."

కొండెక్కే శక్తి సింగారమ్మకి లేదు. పాక ముందు కూలబడి, దిక్కులేనిదాన్నయ్యానని ఏడ్చింది.

ఏ పక్షమూ లేదనేవాడి దగ్గర ముద్ర వేసేముందు, వాడికి పెట్టేవాడెవడో చూసుకోవాలి.