నారెమ్మ పీట

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు. మీ అవ్వకు అవ్వ ఇంకా పాలపళ్లతో తిరిగే రోజుల్లో, ఎర్రగుట్ట కింద ఒక చిన్న పల్లె ఉండేది. పల్లె చివర ఒక కొట్టం, కొట్టం వెనక ఒక చిన్న మెట్టచేను. ఆ కొట్టంలో నారెమ్మ అనే ముసలమ్మ ఉండేది.

గత్తర జబ్బు వచ్చిన ఏడాది నారెమ్మ కొడుకు పోయాడు, కోడలు పోయింది. ముగ్గురు మనవసంతానం మిగిలారు. పెద్దవాడు ఓబులేసు, నడిపివాడు గంగన్న, చిన్నది ఎర్రక్క. వాళ్లతోపాటు ముగ్గురు మూగవాళ్లూ మిగిలారు. మైలోడనే ఎద్దు, కాటుక అనే ఎనుము, అదే పాడిగేదె, ఒక పొడుగు చెవుల మేక. అందరికీ నారెమ్మే దిక్కు.

కోడి కూసేసరికి లేచేది. పేడ తీసేది, కొర్రలు దంచేది, చేన్లో కలుపు తీసేది. ఇంటికొచ్చి సంగటి కెలికేది, కుడితి కలిపేది, పాలు పిండేది. పొద్దుగూకేసరికి మోకాళ్లు పట్టేసేవి, నడుము లేవనంటే లేవననేది. ఆమెకు కోరికంటూ ఉంటే ఒక్కటే. సాయంత్రం గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కాసేపు కూచోవాలి. అంతకుమించి దేవుణ్ణి ఏమీ అడగలేదు పాపం.

ఆమె మొగుడు బతికున్నప్పుడు దానికోసమే వేపచెక్కతో ఒక పీట చేసిచ్చాడు. ఆ పీట మీద కోడి కూచునేది, పిల్లి కూచునేది, పిల్లలు కొట్లాడుకుని మరీ కూచునేవారు. నారెమ్మ మాత్రం కూచున్నది లేదు.

"అవ్వా, కూసో" అనేవారు పిల్లలు.

"ఈ ఒక్క పనీ కానీండి, కూసుంటా" అనేది నారెమ్మ.

ఆ ఒక్క పని అయ్యేలోపే ఇంకో పని గుమ్మంలో నిలబడి ఉండేది.

అంత అలిసిన నోటికి పేర్లు సరిగ్గా ఎలా వస్తాయి? మేకను గంగన్నా అని పిలిచేది. ఓబులేసును మైలోడా అని కేకేసేది. ఇక ఎనుమునైతే ఎప్పుడూ ఎర్రక్కా అనే పిలిచేది. కాటుక ఊరికే అరిచే రకం కాదు. కానీ నారెమ్మ ఎర్రక్కా అంటే చాలు, మెడ ఎత్తి పలికేది.

"అవ్వా, దాని పేరు కాటుక. ఎర్రక్కను నేను. నేను పాలియ్యను" అని మూతి ముడిచేది మనవరాలు.

"ఎవురైతే ఏమే! నీకు కూడు పెట్టేదీ నేనే, దానికి కుడితి పెట్టేదీ నేనే" అనేది నారెమ్మ.

ముసలిదానికి మతి పోయిందని ఊళ్లోవాళ్లు నవ్వుకున్నారు. మతి ఎక్కడికీ పోలేదు. దానికి కూచునే తీరిక దొరకలేదు, అంతే.

ఒక వానాకాలం సాయంత్రం. ఎర్రక్క ఎనుమును తోలుకుని గుట్ట మీదికి పోయింది. నారెమ్మ పొద్దంతా చేన్లో వంగి వంగి వచ్చి, సంగటి దించి, పీటను గోడ దగ్గరికి జరుపుకుంది. మోకాలి మీద చెయ్యి పెట్టి, కూచోబోయింది. అప్పుడు ఈదురుగాలి లేచింది. గాలి వెనకే వాన.

మేకను తోలుకుని గంగన్న వచ్చాడు. మైలోణ్ణి పట్టుకుని ఓబులేసు వచ్చాడు. ఎర్రక్క రాలేదు.

"బిడ్డ యాడుందిరా?"

"గుట్ట మీంచి దిగలేదవ్వా!"

నారెమ్మ పీటను కాలితో తోసేసి గుట్ట దారి పట్టింది. పక్కిళ్లవాళ్లూ పరుగెత్తారు. ఎర్రనీళ్లతో వంక ఉరకలేస్తోంది. "కాటుకా! కాటుకా!" అని మగవాళ్లు ఎనుమును పిలిచారు. పిల్ల నోరు ఈ వానలో వినిపించదు, ఎనుమైనా అరుస్తుందేమోనని వాళ్ల ఆశ. ఎక్కడా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

నారెమ్మ వంక గట్టు ఎక్కింది.  గొంతు పగిలేలా పిలిచింది.

"ఎర్రక్కా!"

గాలి పలికింది.

"ఎర్రక్కా!"

వంక పలికింది.

"ఎర్రక్కా! ఓయమ్మా, ఎర్రక్కా!"

కింద, వంక మలుపులోంచి ఎనుము అరిచింది.

అందరూ అటు దూకారు. రెండు బండల మధ్య పిల్ల కాలు ఇరుక్కుపోయి ఉంది. నీళ్లు రొమ్ముదాకా వచ్చాయి. అరిచి అరిచి గొంతు పోయింది. వరదకు అడ్డంగా కాటుక నిలబడి ఉంది, పిల్ల దాని కొమ్ము పట్టుకుని ఉంది. నలుగురూ బండ జరిపి పిల్లను పైకి లాగారు.

"అవ్వా, నువ్వు పిలిచింది నన్నా, దాన్నా?" అంది ఎర్రక్క, గొంతు రాక గుసగుసగా.

"ఇద్దర్నీనే" అంది నారెమ్మ. పిల్లను ఒక చేత్తో, ఎనుము మెడను ఒక చేత్తో పట్టుకుని భోరున ఏడ్చింది.

ఇంటికొచ్చాక పిల్లలు ముగ్గురూ పీట తుడిచి పెట్టారు. "ఇంకైనా కూసో అవ్వా."

"పాపం అది తడిసొచ్చింది. కుడితి పెట్టేసొచ్చి కూసుంటా" అంది.

ఆ మాట అంటూ అంటూ ఇంకా కొన్నేళ్లు గడిపేసింది. పిల్లలు ఎదిగారు. ఒక సాయంత్రం చేన్లోంచి వచ్చి చూస్తే, నారెమ్మ పీట మీద కూచుని ఉంది. గోడకు ఆనుకుంది, కాళ్లు చాపుకుంది, కళ్లు మూసుకుంది.

"లేపొద్దు. ఇన్నాళ్లకు కూసుంది" అంది ఎర్రక్క.

ఓబులేసు మునివేళ్ల మీద నడిచాడు. గంగన్న మేక నోరు మూశాడు. ఎర్రక్క తానే కుడితి కలిపింది, పాలు పిండింది, సంగటి కెలికింది. సంగటి చల్లారిపోయింది. అప్పుడు వెళ్లి చెయ్యి పట్టుకుంటే, అది సంగటికన్నా చల్లగా ఉంది.

ఆ పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో ఆడపిల్ల పుడితే, ఆ ఏడు పుట్టిన దూడకూ ఆ పేరే పెడతారు. ప్రతి ఇంట్లో గోడవార ఒక వేపచెక్క పీట ఉంటుంది. దాని మీద కూచున్న ఆడమనిషికి ఎవరూ పని చెప్పకూడదు. పిల్లలు ఆకలంటే, "ఉండండ్రా, మీయమ్మ నారెమ్మ పీట మీద ఉంది" అంటారు పెద్దవాళ్లు. ఎనుము అరిస్తే, ఎంత పెద్ద మీసాలున్న మగవాడైనా సరే, తానే లేచి వెళ్లి కుడితి పెట్టి రావాలి.