చేమ మొక్కకి గొడుగు పట్టిన కప్ప

అనగనగా ఒక అడవిలో, కొండ దిగువన, ఒక వాగు. వాగు పక్కన ఓ చిన్న నీళ్ళ గుంట. గుంట ఒడ్డున ఒకే ఒక్క చేమ మొక్క. దాని ఆకులు ఎంతెంత ఉండేవనుకున్నారు? చేటంత! వాటి నీడలో గుంట నీళ్ళు ఎప్పుడూ చల్లగా ఉండేవి.

ఆ గుంటలో బోదురమ్మ అనే కప్ప కాపురం ఉండేది. అది అలాంటిలాంటి కప్ప కాదర్రా, నోరున్న కప్ప. తెల్లారిందా, బెకబెక. పొద్దుగూకిందా, బెకబెక. ఎదుటివాళ్ళ మాట వినేదే కాదు. మన ఇంట్లోనూ అలాంటివాళ్ళు ఉన్నారు, పేర్లు చెప్పను.

ఆ ఏడు వానలు ముందే మొహం చాటేశాయి. వాగు సన్నబడిపోయింది. గుంటలో బోదురమ్మ పిల్లలున్నాయి, ఇంకా కాళ్ళు రాని తోకకప్పలు. వాటికి కాళ్ళొచ్చేదాకా గుంట ఎండకూడదు. ఎండితే ఒక్క పిల్లా దక్కదు. గుంటని కాపాడేది ఆ చేమాకుల నీడే.

ఒక మధ్యాహ్నం బోదురమ్మ తలెత్తి చూస్తే, చేమాకులు కిందికి వాలిపోయి ఉన్నాయి. గబగబా దాని దగ్గరికి గెంతింది.

"అయ్యో, నా తల్లీ! తిండి లేక సొమ్మసిల్లిపోయావా?" అంది.

పక్క చెట్టు మీద చిటుకమ్మ అనే ఉడుత ఉంది. దానికి ఏది చూసినా ఎందుకు, ఎలా అని అడగందే నిద్రపట్టదు. సరసరా కిందికి దిగొచ్చింది.

"అవును గానీ వదినా, ఈ మొక్క ఏం తింటుంది? ఇది తింటుండగా నేనెప్పుడూ చూళ్ళేదే!"

"నాకూ తెలీదు. పెడితే అదే తింటుందిలే," అంది బోదురమ్మ.

కప్పకి తెలిసిన కమ్మని తిండి ఏంటి? ఈగలు! బోదురమ్మ ఈగల్ని పట్టి, తను మింగకుండా నోరు కట్టుకుని, మొక్క మొదట్లో పెట్టింది. పొద్దున చూస్తే వాటిని చీమలు మోసుకుపోతున్నాయి.

"ఈగలు తినదు. మరేం తింటుంది?" అంది చిటుకమ్మ.

"మట్టిలో ఉంది కదా, మట్టే తింటుంది!" అంది బోదురమ్మ. వెనక కాళ్ళతో మట్టి ఎగదోసి మొదట్లో కుప్ప పోసింది. రోజూ మధ్యాహ్నం వెళ్ళి చూసింది. కుప్ప కుప్పలాగే ఉంది, ఆకులు వాలినట్టే ఉన్నాయి.

"మట్టీ తరగలేదు. మరి ఇంత పెద్ద ఆకుని దేంతో చేసుకుందంటావు?" అంది చిటుకమ్మ.

"నీ ప్రశ్నలతో నా బుర్ర తినకే! అసలు దొంగ ఆ ఎండ. నేను కాసేపు ఎండలో ఉంటే ఒళ్ళంతా ఎండిపోయి చురచురమంటుంది. పాపం, ఇది పొద్దస్తమానం ఎండలోనే నిలబడుతుంది. కాళ్ళు లేవు గానీ, ఉంటే ఎప్పుడో నీళ్ళలోకి దూకేది," అంది బోదురమ్మ.

వెంటనే ఓ కోతిని బతిమాలింది. కోతి మోదుగ కొమ్మలు విరిచి తెచ్చి, చేమ మొక్క మీద గుడిసెలా కప్పింది. ఆ సాయంత్రానికి ఆకులు లేచి నిలబడ్డాయి.

"చూశావా? నా వైద్యం!" అని బోదురమ్మ పొంగిపోయి, వారం పది రోజులు ఒకటే బెకబెక.

ఆ తరవాత ఆకులు వెలవెలబోయాయి. పసుపెక్కాయి. ఒకటి నేల మీద పడిపోయింది. పైన కప్పిన మోదుగాకులూ ఎండి ముడుచుకున్నాయి. సందుల్లోంచి ఎండ గుంట మీద పడింది. నీళ్ళు తగ్గుతున్నాయి.

"ఇంకా కప్పు! ఇంకా కొమ్మలు తే!" అని బోదురమ్మ కోతి మీద అరిచింది.

"ఆగు వదినా, ఇటు చూడు," అంది చిటుకమ్మ. ఒక చేమాకు సగం గుడిసె బయటికి వచ్చి ఉంది. "ఒకటే ఆకు. కప్పిన సగం పసుపు, కప్పని సగం పచ్చ. ఎందుకంటావు?"

బోదురమ్మ నోరు తెరిచింది. ఏం చెప్పాలో తెలీక మూసింది. ఆ గుంట దగ్గర మొదటిసారి నిశ్శబ్దం.

అప్పుడు సన్నటి గొంతు వినిపించింది. "అమ్మయ్య, ఊరుకున్నావా బోదురమ్మా? ఇన్నాళ్ళూ చెబుతూనే ఉన్నాను. నీ బెకబెకల్లో వినపడితే కదా!"

మాట్లాడింది చేమ మొక్క.

"ఏం తింటావమ్మా నువ్వు?" అని చిటుకమ్మ తోక నిక్కబొడుచుకుని అడిగింది.

"నేనే వండుకుంటాను. వేళ్ళు నీళ్ళు తోడి పైకి పంపుతాయి. ఆకుల నిండా మీ కంటికి ఆనని బుల్లి నోళ్ళున్నాయి. మీరు ఊపిరి వదిలితే గాలిలో కలిసేది ఉంటుందే, దాన్ని వాటితో తీసుకుంటాను. ఆకులో పచ్చరంగు ఉంది చూశారూ, అదే నా వంటమనిషి."

"మరి పొయ్యి?"

"ఎండే నా పొయ్యి! పచ్చరంగు ఎండని పట్టుకుని, నీళ్ళతోనూ గాలితోనూ తీపి వండుతుంది. ఆ తీపితోనే కొత్త ఆకు వేస్తాను. మిగిలింది దుంపలో దాచుకుంటాను. వంటలో మంచి గాలి పుడుతుంది, అది బయటికి వదిలేస్తాను. మీరు పీల్చుకునేది దాన్నే."

"మరి ఆ మధ్యాహ్నం సొమ్మసిల్లావుగా?" అంది బోదురమ్మ, గొంతు తగ్గించి.

"లేదమ్మా. ఎండ మరీ ముదిరితే ఆకులు కాస్త వాలిపోతాయి. చల్లబడ్డాక వాటంతటవే లేస్తాయి. నువ్వు నా పొయ్యి ఆర్పేశావు. దుంపలో దాచుకున్నది తింటూ బతుకుతున్నాను. అదీ అయిపోవచ్చింది."

బోదురమ్మకి ఏడుపు ఆగలేదు. కొమ్మలు తీసేస్తే గుంటకి ఉన్న కాస్త నీడా పోతుంది. తీయకపోతే మొక్కే పోతుంది. నీళ్ళలోకి చూసింది. కొన్ని పిల్లలకి అప్పుడప్పుడే వెనక కాళ్ళు మొలుస్తున్నాయి. బోదురమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది.

"తీసెయ్యి కోతన్నా! అన్నీ తీసెయ్యి!" అంది.

ఎండ పడింది. నీళ్ళు ఇంకా దిగాయి. బోదురమ్మకి తిండి సయించలేదు. పొద్దున్నే లేచి మొక్కనీ, పిల్లల్నీ మార్చి మార్చి చూసేది. ఒకరోజు చేమ మొక్క నడిమధ్యన చాపచుట్టలా ఓ లేతాకు లేచింది. మెల్లగా విప్పుకుంది. దాని వెనకే ఇంకొకటి. గుంట మీద మళ్ళీ నీడ పరుచుకుంది.

పిల్లలకి ముందు కాళ్ళూ వచ్చాయి. ఒకనాడు అవన్నీ గుంటలోంచి ఒడ్డుకి ఎక్కడం మొదలుపెట్టాయి.

"ఓరి నాయనో! చచ్చిపోతారు! నీళ్ళలోకి పదండి!" అని బోదురమ్మ ఒక పిల్లని గుంటలోకి నెట్టబోయింది. నెట్టబోయి ఆగింది. చేమ మొక్క వైపు ఒకసారి చూసింది.

"నీకేం కావాలిరా కన్నా?" అని అడిగి, నోరు మూసుకుంది.

"గాలి కావాలమ్మా. నీళ్ళలో నాకిప్పుడు ఊపిరాడటం లేదు," అంది పిల్ల.

బోదురమ్మ పక్కకి జరిగి దారి ఇచ్చింది.

నీతి: ప్రేమ ఒక్కటే చాలదు; ఎదుటివాళ్ళకి ఏం కావాలో అడగాలి, అడిగాక ఊరుకుని వినాలి.