ఆయన బిగించిన బోల్టు

కారు పనంతా నేర్చుకోవాలి, ఒక్క బోల్టు మాత్రం ముట్టుకోకూడదు. ఉస్తాద్ దస్తగిరి ఇంటికి వెళ్లిన రోజు హేమావతి మనసులో ఉన్న షరతు ఇది. ఆ షరతు ఆమె ఆయనకు చెప్పలేదు.

ప్రొద్దుటూరు చుట్టుపక్కల బండి ఉన్నవాళ్లలో దస్తగిరిని ఎరగనివాళ్లు తక్కువ. నలభై ఏళ్లు మెకానిక్ షెడ్డు నడిపాడు. మోకాళ్లు వంగడం మానేశాక ఆయనా మానేశాడు. ఆయన దగ్గర పని నేర్చినవాళ్లే ఇప్పుడు ఊళ్లో సగం షెడ్లకు ఉస్తాదులు. వాళ్లకు కూడా ఇంజన్లో అంతుపట్టని చప్పుడేదైనా వినిపిస్తే, బండి తెచ్చి ఆయన వాకిట్లో నిలబెట్టి, టీ తెప్పించి, ఒకసారి చెవి పెట్టమని బతిమాలతారు.

హేమావతి ఆరోగ్య కేంద్రంలో నర్సు. కేంద్రం పక్క మండలంలో ఉంది. రోజూ కారులోనే వెళ్లి వస్తుంది.

"నాకు కారు పని నేర్పిస్తారా ఉస్తాద్?"

"షెడ్లు ఉండాయి కదమ్మా."

"షెడ్డు వద్దు. వేరేవాళ్ల చెయ్యి దాని మీద పడకూడదు. ఇంటికాడ నేనే చేసుకోవాల."

"ఇంతకుముందు ఎవురు చేసేటోళ్లు?"

"మా ఆయన."

దస్తగిరి ఆమె మెడ వైపు, నుదుటి వైపు ఒకసారి చూశాడు. ఇంకేమీ అడగలేదు. "ఆదివారం వస్తా. కుర్చీ ఒకటి ఎయ్యి" అన్నాడు.

హేమావతి భర్త చంద్రమౌళి హైస్కూల్లో సైన్సు ల్యాబు అటెండరు. వారమంతా గాజు గొట్టాలు కడిగేవాడు, ఆదివారం వచ్చిందంటే కారు కింద దూరేవాడు. ఎవరో వాడి వదిలేసిన పాత తెల్లకారు అది. దానికి ఆయన చేసే సేవలు చూసి హేమావతి కారును సవతి అనేది. "నా సవతికి ఇవాళ ఏం నలతంట?" అని అడిగేది. కారు కిందనుంచి రెండు కాళ్లు మాత్రం బయటికి కనిపించేవి. ఆమె మెట్టు మీద కూచుని చిక్కుళ్లు ఒలుచుకుంటూ ఆ కాళ్లతో కబుర్లు చెప్పేది. మధ్యలో ఒక చెయ్యి బయటికొచ్చి, "పద్నాలుగు ఇవ్వు" అనేది. ఈమె పన్నెండో నంబరు పానా ఇచ్చేది. చెయ్యి మళ్లీ వచ్చేది, ఈసారి తిట్టు కూడా వెంటబెట్టుకుని. అట్లా తిట్లు తింటూ పానాల నంబర్లన్నీ ఆమెకు వచ్చేశాయి.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం చంద్రమౌళి కారుకు ఆయిలు మార్చాడు. మూడు వారాలకు పోయాడు. గుండె. నర్సు అయి ఉండీ హేమావతి చేయగలిగింది ఏమీ లేకపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఆయన చేతి పని ఒక్కొక్కటే చెరిగిపోతూ వచ్చింది. ఆయన కొట్టిన మేకు గోడకు సున్నం వేసినప్పుడు ఊడింది. ఆయన పెట్టిన బల్బు మాడిపోయింది. ఆయన ముడివేసిన బట్టల తీగ గాలివానకు తెగింది. ఆయన చేతి బలం ఇంకా అట్లాగే మిగిలి ఉన్నది ఒక్కచోటే. కారు అడుగున, పాత ఆయిలు దించే బోల్టులో. ఆయన బిగించాడు, ఆ తర్వాత ఎవరూ విప్పలేదు.

ఈ మాట బయటికి చెబితే పిచ్చి అంటారని ఆమెకు తెలుసు. ఆమెకే కొన్నిసార్లు అట్లా అనిపించేది. అయినా సరే, ఆయిలు తగ్గినప్పుడల్లా పైనుంచి కాస్త కాస్త పోస్తూ నెట్టుకొచ్చింది. కారు అమ్మేయమన్న తమ్ముడితో ఆరు నెలలు మాట్లాడలేదు.

మొదటి ఆదివారం దస్తగిరి వచ్చి కుర్చీలో కూచుని, "చేతులు కడుక్కోనిరా" అన్నాడు.

"ఇంకా పనే మొదలుపెట్టలేదు కదా ఉస్తాద్."

"మట్టి చేత్తో మూత తీస్తే మట్టి లోపలికి పోతాది. నువ్వు సూది ఎయ్యబోయే ముందర కడుక్కోవా?"

హేమావతి కడుక్కుని వచ్చింది. ఆ తర్వాత ఎప్పుడూ చెప్పించుకోలేదు.

ఆయన కుర్చీ దిగడు, బండి మీద చెయ్యి పెట్టడు. అంతా నోటితోనే. బ్యాటరీ కొసలకు పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగించాడు. రేడియేటరు మూత చల్లారకుండా తీయకూడదని, తీసినవాళ్ల మొహాలు ఎట్లా అయ్యాయో వర్ణించి మరీ చెప్పాడు. గాలి ఫిల్టరు దులిపించాడు, ప్లగ్గులు విప్పించాడు. నరం దొరకని ముసలివాళ్లకు నరం వెతికిపెట్టిన వేళ్లు హేమావతివి, ప్లగ్గు మర తప్పకుండా ఎక్కించడం వాటికెంత పని. రెండు వారాల్లో ఆయన చెప్పబోయేది ఆమె ముందే చేసి చూపించే దాకా వచ్చింది.

ఆదివారం పూట వాకిట్లో మళ్లీ మనిషి గొంతు వినిపిస్తోంది. అది ఆమెకు బాగుండేది, బాధగానూ ఉండేది. ఉస్తాద్ "పద్నాలుగు తియ్యి" అనగానే ఆమె కళ్లు కుర్చీ వైపు కాకుండా కారు కిందికి పోయేవి. అక్కడ గచ్చు తప్ప ఏమీ ఉండేది కాదు.

మూడో ఆదివారం ఆయిలు కొలిచే పుల్ల తీయమన్నాడు. ఆమె తీసి ఇచ్చింది. దస్తగిరి దాని కొసన అంటిన ఆయిలును బొటనవేలికి రాసుకుని, వేళ్ల మధ్య నలిపి, వాసన చూశాడు. తారులాగా సాగింది.

"ఎప్పుడు మార్చినావమ్మా?"

"పోస్తానే ఉండా ఉస్తాద్. ఎప్పుడూ తగ్గనియ్యలేదు."

"పోసేది అడగలే. తీసింది ఎప్పుడు?"

హేమావతి చేతిలో గుడ్డను మడతపెట్టింది. విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"ఇంజను టకటకమంటాంది. విన్యావా?"

"విన్యా."

"ఇంగో నెల ఆడతాది. ఆపైన పట్టేస్తాది. పట్టేసినాక మా ఉస్తాద్ సమాధిలోంచి లేచొచ్చినా లాభం ల్యా. ఇనప సామాన్ల బండికెత్తి పంపాల్సిందే" అని చెప్పి, ఆ రోజుకు పాఠం ముగించి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా డ్యూటీకి వెళ్తూ వస్తూ హేమావతి ఆ టకటకే వింది. బోల్టు విప్పితే ఆయన చెయ్యి పోతుంది. విప్పకపోతే ఆయన కారు పోతుంది. ఏది వదులుకోవాలన్నా ఆయన్నే మళ్లీ ఒకసారి పోగొట్టుకోవడం. కొత్త ఆయిలు డబ్బా కొని తెచ్చింది. తెచ్చి, కంటికి కనబడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టింది.

నాలుగో ఆదివారం దస్తగిరి వచ్చేసరికి చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది.

"ఇయ్యాల బ్రేకులు చూద్దామా ఉస్తాద్?"

ఆయన ఆమెను అట్లా చూస్తూ కూచున్నాడు, అంతే. ఆ చూపులో కోపం ఉన్నా ఆమె తట్టుకునేది.

"ఆ బోల్టు మా ఆయన బిగించినాడు" అంది చివరికి. "విప్పితే ఇంగ ఆయన చెయ్యి ఈ ఇంట్లో యాడా ఉండదు."

ముసలాయన నవ్వుతాడేమో అనుకుంది. ఆయన నవ్వలేదు. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచాడు.

"కారు తియ్యి. మా ఇంటిదాకా పోయొద్దాం."

దారి పొడుగునా ఇంజను టకటకమంటూనే ఉంది. ఇంటి పక్కన ఒకప్పుడు షెడ్డుగా ఉన్న రేకుల పంచ ఉంది. దస్తగిరి లోపలికి పోయి, గోడ గూట్లోంచి ఒక చిన్న గుడ్డ మూట తెచ్చి విప్పాడు. అందులో ఒక బోల్టు, దానికి బిగించి ఉన్న నట్టు. అంతకుమించి ఏమీ లేదు. బల్లకు బిగించిన పట్టకారులో దాన్ని ఇరికించి, ఆమె చేతికి పానా ఇచ్చాడు.

"విప్పు."

హేమావతి లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. ఆయన కాస్త కిరసనాయిలు చుక్కలు వేసి మళ్లీ లాగమన్నాడు. కాలు బల్లకు తన్నిపెట్టి, పళ్లు బిగపట్టి లాగింది. పానా జారి నట్టు మూలలు అరిగాయి గానీ అది మాత్రం వెంట్రుకవాసి జరగలేదు.

"రాదు ఉస్తాద్."

"రాదు." దస్తగిరి పట్టకారు వదులు చేసి దాన్ని అరచేతిలోకి తీసుకున్నాడు. "మా ఉస్తాద్ ఖాదర్ సాహెబ్ ఈ షెడ్డుకొచ్చిన ఆఖరి రోజు. ఊరికే కూచోని ఉన్యాడు. ఈ నట్టు బిగించి నా చేతికిచ్చి, విప్పి చూడ్రా అన్యాడు. చూడల్యా నేను. విప్పితే ఆయన బిగువు పోతాదని దాచిపెట్టుకుంటి. ముప్పై ఏండ్లాయ."

"అయితే ఆయన బిగువు ఇంకా..."

"ఇప్పుడు దీన్ని పట్టుకోనుండేది మా ఉస్తాద్ కాదమ్మా. తుప్పు."

ఆయన దాన్ని బొటనవేలితో ఒకసారి తుడిచాడు. ఎర్రటి పొడి వేలికి అంటింది. "అంత పెద్ద పనోడు. ఎంత బిగించేటోడో నా చేతికి తెలీకనే పాయ" అన్నాడు. ఆ మాట ఆయన ఆమెతో అన్నట్టు లేదు. మళ్లీ గుడ్డలో చుట్టి గూట్లోనే పెట్టాడు. పారేయలేదు.

"పదమ్మా" అన్నాడు. "ఇంజను ఎట్లాగూ వెచ్చబడింది. వెచ్చగా ఉన్నప్పుడే ఆయిలు బాగా దిగుతాది."

ఇంటికొచ్చాక హేమావతి ముందు చక్రాలను చెక్క దిమ్మెల మీదికి ఎక్కించింది. అవి చంద్రమౌళి చేయించినవే. వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టింది. బేసిను, గుడ్డలు, పదిహేడో నంబరు పానా సర్దుకుని, గోనెపట్ట పరుచుకుని కారు కింద పడుకుంది.

అడుగుభాగం ఆమె ఎప్పుడూ చూడలేదు. అన్నేళ్లూ ఆయన తనతో మాట్లాడింది ఈ నల్లటి ఇనుమును చూస్తూనన్నమాట. బోల్టు దొరికింది. పానా తగిలించి లాగింది.

కదల్లేదు.

ఇది కూడా తుప్పేనా? ఆలస్యం చేశానా? ఊపిరి తీసుకుని మళ్లీ లాగింది. ఈసారి చేతికి తెలిసింది. తుప్పు ఎట్లా ఉంటుందో ఇందాకే చూసి వచ్చింది, అది మూర్ఖంగా ఉంటుంది. ఇది అట్లా లేదు. గట్టిగా ఉంది, కానీ చెబితే వినేట్టు ఉంది. చంద్రమౌళి అచ్చం అట్లాంటి మనిషే.

ఆయన పానా ఎక్కడ ఆపాడో అక్కడే ఆమె పానా ఉంది. ఆమె లాగలేదు, వదల్లేదు. ఆ బిగువు మీద చెయ్యి అట్లాగే ఉంచింది. ఇటువైపు తాను పట్టుకుంటే అటువైపునుంచి ఆయన పట్టుకున్నట్టే ఉంది. రెండేళ్లలో మంచం పక్కన, మెట్టు మీద, వంటింటి గుమ్మంలో ఎన్నిసార్లు ఆ చెయ్యి కోసం తడుముకుందో. ఇక్కడ దొరికింది. ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ పడుకుంది. ఎంతసేపైందో ఆమెకు తెలియదు. కుర్చీలోనుంచి ఉస్తాద్ ఒక్కసారీ తొందరపెట్టలేదు.

"ఇంక వదలండి" అని మెల్లగా అని, లాగింది.

బోల్టు చిన్నగా టక్కుమని వదిలింది. మిగతాది వేళ్లతోనే వచ్చేసింది. నల్లటి ఆయిలు ముందు మణికట్టు మీద పడి, తర్వాత ధారగా బేసినులోకి దిగింది. వెచ్చగా ఉంది. హేమావతి చెయ్యి తీసుకోలేదు. కళ్లనుంచి నీళ్లు రెండువైపులా చెవుల్లోకి కారాయి.

"వస్తాందా?" అని అడిగాడు దస్తగిరి.

"వస్తాంది ఉస్తాద్."

"రానియ్యి. అంతా రానియ్యి."

ధార సన్నబడింది. చుక్కలయింది. చుక్కకూ చుక్కకూ మధ్య ఎడం పెరుగుతూ వచ్చి, ఆఖరికి ఆగిపోయింది. ఆమె మొహం తుడుచుకుంది. బోల్టు తుడిచి, కొత్త వాషరు వేసి, వేళ్లతో మర ఎక్కించింది. పోయినంతవరకు వేళ్లతోనే తిప్పి, పానా తగిలించింది. అక్కడ ఆగింది. ఇంతవరకు ఆయన చెప్పని పాఠం ఇదొక్కటే.

"ఎంత బిగించాల ఉస్తాద్?"

కుర్చీ కిర్రుమంది. ముసలాయన గొంతు వినిపించింది.

"నన్నడుగుతావేమమ్మా? ఇప్పుడే కదా విప్పింది."

హేమావతి పానా పట్టుకుని తిప్పింది. ఇంకొంచెం తిప్పింది. ఒకచోట చెయ్యి తనంతట తానే ఆగింది.