తాటిచెట్టైన రాజుగారు

అనగనగా ఉత్తరాన సముద్రం గట్టు మీద తెప్పలపేట అని ఒక ఊరు. ఊరి ముందు ఇసుక, ఇసుక ముందు అలలు, అలల ముందు నల్లరాళ్ళు. ఆ రాళ్ళ మధ్య ఒక్క తెప్ప పట్టేంత సందు. ఊరి వెనక కొండ, కొండ మీద ఒంటి తాడిచెట్టు. వేటకెళ్ళిన మగాళ్ళు తిరిగొచ్చేటప్పుడు గట్టు మీది గంగమ్మ గుడీ, కొండ మీది తాడీ ఒకే వరసలో కనబడేలా తెప్ప తిప్పుకోవాలి. అలా వస్తే సందు, తప్పితే రాయి. ఊఁ కొడుతున్నారా? కొట్టండి మరి.

ఆ ఊళ్ళో నూకాలని ఒక కొత్త కోడలు. ఆమె మాట్లాడితే ఊరంతా నవ్వేది, ఊరు నవ్వితే అత్త ఎల్లమ్మ తిట్టేది. మొగుడు దానయ్యంటే నూకాలుకి ప్రాణం.

ఒకనాడు రాజుగారు ఊరు చూడ్డానికి వస్తున్నానని కబురంపాడు. ఊరిపెద్ద సత్తియ్యకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఆయన ఉప్పు అమ్ముకునేవాడు, సముద్రంలో మోకాలు కూడా తడుపుకోనివాడు. వలలు దాయించాడు, ఎండుచేపలు ఎత్తించాడు, పిల్లుల్ని తోలించాడు. పిల్లులు పోతాయా? ఇటు తోలితే అటు నుంచి వచ్చాయి. అప్పటికీ తృప్తి లేక, దెయ్యం జుట్టు విరబోసుకున్నట్టుందని కొండ మీది తాడిని కొట్టించేశాడు. మగాళ్ళు వేటలో ఉన్నారు, ఆడాళ్ళు చేపలమ్ముతూ సంతలో ఉన్నారు. వద్దనేదెవరు?

సంత నుంచి వస్తూ నూకాలు కొండ వైపు చూసింది. బోడిగుండు! నెత్తి మీది గంప జారిపోయింది. చెట్టు లేకపోతే గుర్తు లేదు, గుర్తు లేకపోతే సందు లేదు, సందు లేకపోతే తెప్ప లేదు, తెప్ప లేకపోతే దానయ్య లేడు. పొద్దు చూస్తే వాలుతోంది. ఎల్లమ్మ అప్పుడే గుండెలు బాదుకుంటోంది.

సరిగ్గా అప్పుడే రాజుగారు ఏనుగెక్కి, ఇంత పొడుగు గొడుగుతో దిగబడ్డాడు. నూకాలు వెళ్ళి ఏనుగుకి అడ్డంగా నిలబడింది.

"ఓలమ్మో! తప్పుకోయే గుంటా!" అని సత్తియ్య కేకలేశాడు.

ఆమె వింటేనా! మా ఊళ్ళో అన్నిటికన్నా గొప్ప వింత కొండ మీదే కనబడుతుంది, రండి బాబూ అని రాజుగారిని పైకి నడిపించింది. కొట్టేసిన తాడి మట్టలు గొడుగుకి కట్టించింది. ఏనుగుని మొద్దు దగ్గర నిలబెట్టించి, అంబారీ మీద నిలబడి ఆ గొడుగు ఎత్తి పట్టుకోమంది. కదిలితే వింత కనబడదంది.

పాపం రాజుగారు పట్టుకున్నాడు. రాజుగారి ముక్కు దురద పెడితే మంత్రి గోకాడు, మంత్రి ముక్కు దురద పెడితే సేనాపతి గోకాడు, సేనాపతి ముక్కు దురద పెడితే గోకేవాళ్ళు లేక ఏనుగు కాలికి రాసుకున్నాడు. నవ్వకండర్రా, నిద్ర ఎగిరిపోతుంది!

"చెయ్యి లాగేస్తోందమ్మాయ్" అన్నాడు రాజుగారు.

"ఇంకొక్క తెప్పే బాబూ, ఇంకొక్కటే" అంది నూకాలు, సముద్రం మీద నుంచి కన్ను తిప్పకుండా.

ఒక తెప్ప సందులోంచి వచ్చింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మరోటి. ఆఖరున దానయ్య తెప్ప మాత్రం రాళ్ళ దాకా వచ్చి ఆగింది. అటా ఇటా అని ఊగింది. తెప్ప మెల్లగా తిరిగి, వరస పట్టుకుని, సందులోంచి జారి ఇసుకెక్కింది.

కొండ దిగి పరిగెత్తుకొచ్చిన పెళ్ళాన్ని చూసి దానయ్య, "ఏటే నూకాలా, మన తాడి ఈవేళ తొండం ఊపుతోందేటే?" అన్నాడు. ఆమె ఏడుస్తూ నవ్వింది. ఎల్లమ్మ కూడా నవ్వింది, తిట్టడం మరిచిపోయి.

అంతలో రాజుగారూ కిందికి దిగొచ్చాడు. ఇంతకీ వింత ఏదమ్మాయ్ అని అడిగితే, పొద్దున వెళ్ళినవాళ్ళందరూ పొద్దుగూకేలోపు ఇల్లు చేరడమే బాబూ అని, జరిగిందంతా చెప్పింది. రాజుగారు చెయ్యి పిసుక్కుంటూ పకపకా నవ్వాడు. తాడి ఉన్నచోటే సున్నపు స్తంభం కట్టించాడు. ఏటేటా దానికి వెల్ల వేసే పని ఎవరికి పడిందనుకున్నారు? సత్తియ్యకే! ఆ ఊరు చూడ్డానికి వెళ్ళినవాళ్ళు ముందు కొండెక్కి ఆ స్తంభమే చూస్తారు, ఆ తరవాతే వేయించిన చేపలు తింటారు.

అందుకే నాయనా, ఏది తీసేయాలన్నా అది ఎవరికి దారి చూపిస్తోందో ముందు అడగాలి. ఇక కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి.