ముప్పై రెండో పులుసు

గండికొలను రాజుగారికి రోజూ భోజనంలో ముక్కల పులుసు ఉండాల్సిందే. ఇరవై ఏళ్లుగా ఆయన వంటసాలలో గరిటె తిప్పుతున్నది పేరమ్మ. ఆ గరిటె తన బావమరిది చేతికి రావాలని దివాను రుద్రప్ప ఆశ.

ఒకనాడు రుద్రప్ప రాజుగారి ముందే ఆమెను నిలదీశాడు. "ఎప్పుడూ అదే రుచి, పేరమ్మా! తోటలో వంకాయ, బెండకాయ, సొరకాయ, మునక్కాయ, గుమ్మడికాయ ఉన్నాయి. ఏవి వేస్తావో, ఎన్ని వేస్తావో నీ ఇష్టం. ముప్పై రెండు రోజులు పులుసు పెట్టు. ఒకసారి పెట్టినది మళ్లీ పెట్టావా, వంటసాల వదిలి పోవాలి."

రుద్రప్ప ముందే లెక్క కట్టుకున్నాడు. ఒక్కో కాయతో ఐదు రకాలు, రెండేసి కలిపితే పది, మూడేసి పది, నాలుగేసి ఐదు, అన్నీ కలిపితే ఒకటి. మొత్తం ముప్పై ఒకటే!

పేరమ్మ వేళ్లు ముడిచి చూసుకుని, కొంగు బిగించింది. "అలాగే బాబుగారూ."

ముప్పై ఒక్క రోజులూ రుద్రప్ప పక్కనే కూర్చుని ముక్కలు పరీక్షించాడు. ఏదీ తిరిగి రాలేదు. ముప్పై రెండో రోజు బావమరిదికి కొత్త పంచె కట్టించి మరీ వెంటబెట్టుకొచ్చాడు.

రాజుగారు గిన్నె అడుగుదాకా కలిపి చూశారు. "ఒక్క ముక్కా లేదేమిటి పేరమ్మా?"

"ఏ కాయా లేని పులుసు ఇన్నాళ్లలో ఒక్కసారైనా పెట్టానా ప్రభూ? నా లెక్క ఇక్కణ్ణుంచే మొదలు. ఉత్త పులుసు ఒకటి. ఒక కాయ ఉంటే, వేసినది, వేయనిది, రెండు. కాయ పెరిగినప్పుడల్లా రెట్టింపు: నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు."

రాజుగారు నవ్వి, ఇంకో గరిటె వేయమన్నారు.

పేరమ్మ వడ్డిస్తూనే రుద్రప్ప వైపు తిరిగింది. "రేపు దోసకాయ కూడా తెప్పించండి బాబుగారూ. ఇంకో ముప్పై రెండు రోజులు పెడతాను."